ఉప్పుచేపల నవల వెంట టొరంటోకి

టొరంటో నుంచి వచ్చాక, అడిగిన ప్రతివాళ్ళకీ ఫోన్‌లో మొదటినుంచీ చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. ఇక కూర్చుని రాసేయడమే నయమనిపించింది. సాహిత్య సభలకని ఒక మహానగరానికి వెళ్ళడం నా జీవితంలో ఇదే మొదటిసారి. వెళ్ళనివాళ్ళకు అక్కడి పద్ధతులు తెలుస్తాయి, వెళ్ళినవాళ్ళు నా తప్పులు చూసి నవ్వుకుంటారు.

విండ్సర్: బయలుదేరడం

మేముండేది విండ్సర్‌లో. నది ఒడ్డున నిలబడితే ఎదురుగా డెట్రాయిట్ కనిపిస్తుంది. మా ఆయన ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా, నేను యూనివర్సిటీ కెమిస్ట్రీ లాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాం. మాకు టొరంటో అంటే ఎయిర్‌పోర్టు, కాకపోతే ఎవరిదో పెళ్ళి. అంతకుమించి ఆ ఊరితో పని పడలేదు.

పని కల్పించింది ఒక నవల. లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతుంటే కొన్నాను. రాసినావిడ పేరు డోరీన్. ఈ దేశానికి తూర్పు చివరనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో చేపలు పట్టే పల్లెలో పుట్టి పెరిగింది. నవలంతా ఆ పల్లె ఆడవాళ్ళ గురించే, ముఖ్యంగా ఆవిడ నానమ్మ గురించి. మగవాళ్ళు పడవల మీద వెళితే, ఆడవాళ్ళు చేపలు చీల్చి, ఉప్పు పట్టించి, కర్రల మంచెల మీద ఎండబెడతారు. మబ్బు పట్టగానే పిల్లా పెద్దా అందరూ పరుగెత్తుకొచ్చి చేపలు ఎత్తేస్తారు. ఆ ఘట్టం దగ్గర పుస్తకం మూసేసి కాసేపు కూర్చుండిపోయాను. మాది కాకినాడ. చిన్నప్పుడు ఉప్పాడ వైపు బస్సులో వెళుతుంటే సముద్రం ఒడ్డున ఆడవాళ్ళు అచ్చం అలాగే పరుగెత్తడం చూశాను. మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "అటు చూడకే, వాంతొస్తుంది" అనేది. నేను చూస్తూనే ఉండేదాన్ని.

ఆ ఒక్క అధ్యాయం తెలుగులో రాసి మా ఆయనకు వినిపిద్దామని మొదలుపెట్టి, చివరికి నవలంతా తెలుగు చేసేశాను. ఇందులో తమాషా ఏమిటంటే, నేను చేప రుచి ఎరగను. పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టలేదు. చేపల సంగతులన్నీ ఫోన్‌లో సుగుణక్కను అడిగి రాశాను. సుగుణక్కది నర్సాపురం దగ్గర సముద్రపు పల్లె. విండ్సర్‌లో నర్సుగా చేసినన్నాళ్ళూ మా పక్కిల్లే. రిటైరయ్యాక కూతురికి దగ్గరగా ఉండాలని టొరంటో పక్కనున్న ఏజాక్స్ వెళ్ళిపోయింది. నేను "చేపల వాసన" అని రాస్తే, "అలా కాదే, నీచు వాసన అనాలి" అని దిద్దేది. ఆ అనువాదంలో పప్పుచారు నాది, ఉప్పుచేప ఆవిడది.

విజయవాడలో ఒక చిన్న ప్రచురణకర్త అనువాదం చదివి, బాగుంది వేస్తామన్నారు. కాకపోతే రచయిత్రి అనుమతి కావాలన్నారు. ఇక్కడి పబ్లిషర్‌కు ఎన్ని ఈమెయిళ్ళు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఇంతలో డోరీన్ గారు టొరంటోలో ఒక సాహిత్యోత్సవానికి వస్తున్నారని తెలిసింది.

"వెళ్ళి అడిగెయ్. కాదంటే ఇంటికొచ్చెయ్. నిన్నేం జైల్లో పెట్టరుగా" అన్నారు మా ఆయన, స్టేషన్‌లో నా పెట్టె దించుతూ. ఆయనకు మోకాలి ఆపరేషనైంది, అంత దూరం డ్రైవ్ చేయలేరు. నాకు హైవే మీద నడపాలంటే భయం. అందుకని రైలు.

రైల్లో పులిహోర

నా పక్క సీట్లో జానెట్ అనే రిటైర్డ్ స్కూల్ టీచర్ కూర్చుంది. ఒళ్ళో సగం అల్లిన స్వెట్టర్. చాథమ్ దాటాక నా పులిహోర డబ్బా మూత తీశాను. ఆవిడ అల్లడం ఆపేసి పక్కకు చూసింది.

"ఆ పసుపుపచ్చది ఏంటో అడగొచ్చా?"

స్పూను ఇచ్చాను. చింతపండు పులుపుకు ఒక కన్ను మూసింది, తర్వాత ఇంకో స్పూను తీసుకుంది. ఎండుమిరపకాయను మాత్రం అలంకారమనుకుని కొరికేయకుండా నేనే పక్కకు తీసేశాను. ఎక్కడికని అడిగితే సాహిత్యోత్సవానికన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. తను ఏటేటా వెళుతుందట.

"రచయితల సంతకాల లైన్లో మాట్లాడాలనుకుంటే ముందే మనసులో ఒక్క వాక్యం తయారుచేసుకో. ఒక్కటంటే ఒక్కటే. రెండో వాక్యానికి టైమివ్వరు" అని చెప్పింది.

దారిలోని లండన్ అనే ఊరు, వుడ్‌స్టాక్ దాటేదాకా ఆ ఒక్క వాక్యాన్నే అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నాను. జానెట్ కూడా కిటికీలోంచి చూస్తూనే ఒకటి రెండు మాటలు సవరించింది. దిగేసరికి వాక్యం నోటికి వచ్చింది.

సరస్సు ఒడ్డున పెద్ద సభ

సుగుణక్క స్టేషన్‌కు వచ్చింది. మెడకు మఫ్లరూ, చేతిలో నాకోసం ఇంకో మఫ్లరూ. అక్టోబరే అయినా సరస్సు మీంచి వచ్చే గాలి చెవుల్లో దూరుతోంది. సభ జరిగే చోట కాఫీ, మఫిన్ కలిపి పది డాలర్లకు దగ్గరగా తీసుకున్నారు. "ఈ డబ్బుకి మా వీధిలో దోసె వస్తుందే" అని సుగుణక్క ఆ మఫిన్‌ను ఎంతో గౌరవంగా, ఒక్క పొడి కూడా రాలకుండా తింది.

సభలంటే నాకు తెలిసినవి మనవే. జ్యోతి వెలిగిస్తారు, ప్రార్థన పాడతారు, అధ్యక్షుడు తన గురించి చెప్పుకుంటాడు, ముఖ్య అతిథి ఇంకా దారిలోనే ఉంటాడు. ఇక్కడ గడియారం ముల్లు గంట మీదికి చేరగానే దీపాలు తగ్గించారు. ఒకమ్మాయి వచ్చి, ఈ నేల అసలు ఏయే ఆదివాసీ జాతులదో పేరుపేరునా చెప్పి, వాళ్ళకు కృతజ్ఞత తెలిపి సభ మొదలుపెట్టింది. మనం దీపం వెలిగించే చోట వీళ్ళు ఆ మాటలు చెబుతారు. తర్వాత రచయితలు ఒక్కొక్కరే వచ్చి తమ పుస్తకం తామే చదివారు. శాలువాలు లేవు, మెమెంటోలు లేవు. పొగడ్త కూడా రెండు వాక్యాలే.

"ఇంత పెద్దావిడకి ఒక్క దండన్నా వెయ్యలేదేంటే" అంది సుగుణక్క నొచ్చుకుంటూ.

డోరీన్ గారు పొట్టిగా, గట్టిగా ఉన్నారు. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు. చదువుతుంటే ఆ దీవి యాస వినబడింది. ఇన్నాళ్ళూ నేను కళ్ళతో చదివిన మాటలకు మొదటిసారి గొంతు వచ్చింది. అనువాదంలో కొన్నిచోట్ల నేను సాగదీశానని అప్పుడే తెలిసింది.

తర్వాత సంతకాల లైను. వలంటీరు ఒకమ్మాయి చిన్న పసుపుపచ్చ కాగితం పట్టుకుని నా పేరడిగింది. విశాలాక్షి అన్నాను. మళ్ళీ అడిగింది. ఒక్కొక్క అక్షరం చెప్పాను. కాగితం సగంలోనే నిండిపోయింది. "విష్ అని రాయనా?" అంది నవ్వుతూ. అలాగే కానిమ్మన్నాను.

నా వంతు వచ్చింది. డోరీన్ గారు తలెత్తి చూశారు. నీలికళ్ళు, అలసిపోయిన నవ్వు. రైల్లో వల్లెవేసుకున్న వాక్యం ఒక్క ముక్క కూడా నోట్లోకి రాలేదు.

"థాంక్యూ" అన్నాను.

"థాంక్యూ, విష్" అన్నారావిడ, పుస్తకం చేతికిచ్చి. వెనకవాళ్ళు ముందుకు జరిగారు. నేను పక్కకు వచ్చేశాను.

ఏజాక్స్‌లో మందలింపు

ఏజాక్స్‌లో సుగుణక్క ఇంటికెళ్ళాం. ఆవిడ నాకు వంకాయ కూర, తనకు చేపల పులుసు వేరువేరు గిన్నెల్లో, వేరువేరు గరిటెలతో వడ్డించాక మొదలుపెట్టింది.

"నాలుగొందల పేజీలు రాశావు. నాలుగు ముక్కలు మాట్లాడలేకపోయావా?"

"నోరు పెగల్లేదక్కా."

"హాస్పిటల్లో నేను డాక్టర్లతోనే మాట్లాడేదాన్ని. వాళ్ళూ మనుషులే, ఈవిడా మనిషే. ఆవిడ కాదంటే కాదంటుంది. అడక్కపోతే నువ్వే కాదన్నట్టు."

నాకు ఏడుపొచ్చింది. రెండేళ్ళ పని. కాదంటారేమోనన్న భయం ఒకటైతే, ఆవిడ ముఖం చూశాక ఇంకోటి పుట్టింది. ఆవిడ పల్లెను, ఆవిడ నానమ్మను అడక్కుండా తీసుకుని నా ఇష్టం వచ్చినట్టు తెలుగు మాట్లాడించాను. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? సుగుణక్క ఇంకో వంకాయ వేసి, "తిను ముందు. రేపు ఊరు తిరుగుదాం" అంది.

కాఫీ షాపులో జరిగిన పొరపాటు

మర్నాడు సబ్‌వే స్టేషన్‌లో పాటీలు తిన్నాం. పైన పసుపు రంగు పొరలు, లోపల కారంగా కూర. నాకు కూరగాయలది. జమైకావాళ్ళ తిండట, టొరంటోలో మన కర్రీపఫ్ లాగా అందరూ నడుస్తూనే తింటారు. మధ్యాహ్నం ఒక పాత ఇంట్లో నడిపే కాఫీ షాపులో కవిత్వ పఠనం ఉందని బోర్డు చూసి లోపలికెళ్ళాం. గుమ్మం దగ్గర బల్ల మీద కాగితం, పెన్ను ఉన్నాయి. మన సభల్లో హాజరు సంతకాలు పెట్టించుకుంటారు కదా, అలాగే అనుకుని సుగుణక్క మా ఇద్దరి పేర్లూ రాసింది.

ఇద్దరు ముగ్గురు కవులు చదివారు. నచ్చిన చోట జనం చప్పట్లు కొట్టకుండా చిటికెలు వేస్తున్నారు. మనకు చిటికె వేయడమంటే పిలవడమో, ఆవలింతకు అడ్డమో. నేను ఆ వింత చూస్తుండగా నిర్వాహకుడు, తలపాగా కట్టిన సిక్కు ఆయన, కాగితం చూస్తూ నా పేరు పిలిచాడు. పాపం, చాలా జాగ్రత్తగా, పూర్తిగా పలికాడు.

"ఎందుకు పిలుస్తున్నాడక్కా?"

"నాకేం తెలుసే. వెళ్ళు, లక్కీ డ్రా ఏమో."

లేచి వెళితే చేతికి మైకిచ్చాడు. అది హాజరు పట్టీ కాదు, చదవదలచుకున్నవాళ్ళు పేర్లు రాసుకునే కాగితం. పొరపాటని చెప్పాను. "ఇక్కడిదాకా వచ్చారుగా, ఏదైనా చదవండి. మీ భాషైనా సరే" అన్నాడు.

సంచిలో అనువాదం ఉంది. నవల మొదటి పేజీ, తెల్లవారే వేళ పడవలు వెళ్ళే దృశ్యం, తెలుగులో చదివాను. సగానికి వచ్చేసరికి ఎదురుగా ఉన్న ముఖాలు కదలకుండా వింటున్నాయి. ఒక్కరికీ భాష తెలియదు. అయినా ఆపగానే అన్ని వైపుల నుంచీ చిటికెలు. తర్వాత సుగుణక్క పేరు పిలిచారు. ఆవిడ ఏమాత్రం తడబడకుండా వెళ్ళి, చర్చిలో చిన్నప్పుడు నేర్చుకున్న ఒక కీర్తన రాగం తీసి పాడి, వంగి నమస్కారం పెట్టి వచ్చింది.

ఆ నిర్వాహకుడు మా బల్ల దగ్గరకొచ్చి, నేను చదివిందేమిటని అడిగాడు. మొత్తం చెప్పాను. అపరిచితుడికి అంత సులువుగా ఎలా చెప్పగలిగానో తెలియదు.

"డోరీన్ రేపు స్కార్‌బరోలో ఒక బ్రాంచ్ లైబ్రరీకి వస్తున్నారు. ఊరికే చదవడానికి. టికెట్ లేదు. అలాంటి చోటికి జనం పెద్దగా రారు. అక్కడ మాట్లాడండి" అన్నాడు.

స్కార్‌బరో లైబ్రరీ

ఉదయం నుంచీ వాన. లైబ్రరీ వెనక గదిలో కుర్చీలు చాలా వేశారు, మనుషులు తక్కువ. వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నట్టున్నారు. డోరీన్ గారు కుర్చీ లాక్కుని మా మధ్యలోనే కూర్చుని చదివారు. తర్వాత ప్రశ్నలడగమన్నారు. లైబ్రరీ అమ్మాయి, "దయచేసి ప్రశ్నలే, ప్రసంగాలు వద్దు" అని ముందే బతిమాలింది. ఆ సంగతిలో ఏ దేశమైనా ఒకటేనన్నమాట.

సుగుణక్క మోచేత్తో పొడిచేలోపే లేచాను.

"మీ నవలను నా భాషలోకి, తెలుగులోకి అనువదించాను. మిమ్మల్ని అడక్కుండా చేశాను. అచ్చు వేయడానికి మీ అనుమతి కావాలి."

డోరీన్ గారి ముఖంలో నవ్వు పోయింది. చేతిలో పుస్తకం మూసేశారు.

"అడక్కుండా మొత్తం ఎందుకు చేశారు?"

"ఒక్క అధ్యాయం అనుకున్నాను. ఆపడం నా చేతకాలేదు."

ఆవిడ నెమ్మదిగా చెప్పారు. "ఇంతకుముందు ఒక భాషలో వచ్చింది. అన్నీ పద్ధతిగానే జరిగాయి, సంతకాలు పెట్టాను. ఆ భాష తెలిసిన ఒకాయన తర్వాత చదివి చెప్పాడు. మా నానమ్మ అందులో టీచరులాగా మాట్లాడిందట, ఒక్క తప్పు లేకుండా. ఆవిడకు చదువు రాదు. సగం మాటలు తిట్లే. అప్పటినుంచి ఎవరికైనా ఇవ్వాలంటే భయం. మీది ఏ పల్లె? చేపలు ఎండబెట్టారా ఎప్పుడైనా?"

"లేదండీ. చేప తినను కూడా."

ఎవరో నవ్వారు. డోరీన్ గారు నవ్వలేదు. అప్పుడు సుగుణక్క లేచి నిలబడింది.

"నేను ఎండబెట్టాను మేడమ్. మా అమ్మ, నేను, మా చెల్లి. మాకు మంచెలు లేవు, ఇసక మీదే. మీ నానమ్మ మాటలు ఈమె రాయలేదు. ఫోన్‌లో నేను చెబితే రాసుకుంది. అవి మా అమ్మ మాటలు."

డోరీన్ గారు కుర్చీ సుగుణక్క వైపు తిప్పుకున్నారు. "వాన వచ్చే అధ్యాయం చదవండి. ఇద్దరూ చదవండి" అన్నారు.

కథ నేను చదివాను. నానమ్మ మాట్లాడే చోటు రాగానే సుగుణక్క కాగితం వైపు చూడకుండా అందుకుంది. హాస్పిటల్లో నేర్చిన మెత్తని గొంతు కాదది. ఒడ్డున ఈ చివర నుంచి ఆ చివరకు వినబడాల్సిన గొంతు.

"మబ్బట్టేసిందే. చేపలెత్తండే. అలా చూత్తా నిలబడ్డారేంటే, వానేమన్నా మీ మేనమావా, మీరొచ్చేదాకా ఆగడానికి?"

పక్క గదిలో కంప్యూటర్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా తలుపు దగ్గరకొచ్చారు. డోరీన్ గారు కళ్ళు మూసుకుని వింటున్నారు. నవలలో నానమ్మ ఉప్పు బుట్టతో సహా జారిపడి, పడ్డచోటే కూర్చుని అందరికీ పనులు పురమాయించే చోటొకటి ఉంది. అక్కడికి వచ్చేసరికి, నేను ఆ వాక్యం ముగించకముందే ఆవిడ పకపకా నవ్వారు. కళ్ళు తెరిచి, "పడింది కదా, ఇప్పుడే కదా పడింది?" అన్నారు.

"అవును, ఇప్పుడే" అన్నాను.

హక్కులు తన ఒక్కదాని చేతిలో లేవనీ, ఏజెంటుతో తనే మాట్లాడతాననీ చెప్పారు. నా ఈమెయిల్ తనే అడిగి రాసుకున్నారు. అనువాదకుల పేర్లు రెండూ వేయాలన్నారు. సుగుణక్క వద్దని చేతులూపితే, "అయితే అనుమతి లేదు" అన్నారు నవ్వుతూ. సాంబారు, ఇడ్లీ దొరికే చోటు దగ్గర్లో ఉందని మేం చెబితే మాతోపాటు వచ్చారు. వాన తగ్గేదాకా ఆ ఇద్దరూ ఉప్పు ఎంత పట్టించాలన్న దాని మీద వాదించుకున్నారు. నాకు అందులో మాట్లాడడానికేమీ లేదు. ఇడ్లీలు తిన్నాను.

మళ్ళీ విండ్సర్

ఒప్పందం కాగితాలు చలికాలం మొదలయ్యేసరికి వచ్చాయి. వాటితోపాటు డోరీన్ గారు సొంతంగా ఒక కోరిక కోరారు. వాళ్ళ అక్క దీవిలోనే ఉంటుంది. ఇప్పుడామెకు చూపు లేదు. నవల డోరీన్ గారే చదివి వినిపిస్తే, "నువ్వు నానమ్మను సరిగ్గా పలకడం లేదు" అని ప్రతిసారీ పోట్లాడుతుందట. అందుకని వాన అధ్యాయం మేమిద్దరం తెలుగులో చదివి రికార్డు చేసి పంపమన్నారు. సుగుణక్క విండ్సర్ వచ్చింది. మా వంటింట్లో ఫ్రిజ్ ఆపేసి రికార్డు చేశాం. మా ఆయన ఫోన్ పట్టుకుని కదలకుండా కూర్చున్నారు.

జవాబు పోయిన వారం వచ్చింది. అక్కగారు రెండుసార్లు విన్నదట. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మధ్యలో ఎవరినీ మాట్లాడనివ్వలేదట. అయ్యాక, "మా నానమ్మ ఇలాగే అరిచేది. ఇన్నేళ్ళకు మళ్ళీ విన్నాను. ఎవరీ మనిషి?" అని అడిగిందట.

సుగుణక్కకు ఫోన్ చేసి చదివి వినిపించాను. "అక్కా, నీ గురించి ఏమని రాయను?" అన్నాను.

"నా గురించి కాదే. అది మా అమ్మ అని రాయి" అంది సుగుణక్క. మళ్ళీ తనే, "పేరు కూడా రాయి. మరియమ్మ అని" అంది.

రాశాను.